రాస్ప్‌బెర్రీ పై 4కి లినక్స్ కెర్నల్ సొంతంగా కాన్ఫిగర్ చేసుకోవడం ఎలా

మీ రాస్ప్‌బెర్రీ పై 4 (చిన్న కంప్యూటర్ బోర్డు, పొట్టిగా పై) మామూలుగా బూట్ అవుతూ మీకు కావలసిన పని చేస్తుంటే కెర్నల్ (హార్డ్‌వేర్‌ని నడిపించే ఓఎస్ గుండెకాయ) జోలికి పోనక్కర్లేదు. రాస్ప్‌బెర్రీ పై ఓఎస్‌తో వచ్చే కెర్నల్ బాగానే ఉంటుంది. సొంతంగా కంపైల్ చేస్తే, అంటే సోర్స్ కోడ్ నుంచి తయారు చేసుకుంటే, స్పీడ్ రెట్టింపవుతుందని ఆశపడేవాళ్లు చాలామంది ఉన్నారు. ఆ ఆశతో మొదలుపెట్టినవాళ్లు మధ్యలోనే వదిలేస్తారు. ఒక డ్రైవర్ ఎప్పుడు లోడ్ కావాలో, బోర్డు హ్యాంగ్ అయితే ఏం జరగాలో మన చేతిలో ఉండాలనుకున్నప్పుడే ఈ కష్టానికి అర్థం ఉంటుంది.

ఉదాహరణకి పలాసలో ఒక జీడిపప్పు యూనిట్ తీసుకుందాం. పప్పు ఆరబెట్టే గదిలో వేడి ఎంతుందో రాసిపెట్టడానికి ఒక పై 4, దానికి ఒక డీఎస్18బీ20 సెన్సర్. కంపైల్ చేసే ల్యాప్‌టాప్ విజయనగరంలో. చీటికిమాటికి బస్సెక్కి పలాస వెళ్లడం కుదరదు కాబట్టి కరెంటు పోయి వస్తే బోర్డు తనంతట తాను లేవాలి. నెట్ లేకపోయినా టైమ్ తప్పకూడదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానంలో ఊళ్లకు ఊళ్లే రోజుల తరబడి కరెంటు లేకుండా ఉన్నాయి. అక్కడ పెట్టే ఏ పెట్టెనైనా అలాంటి రోజుల్ని తలుచుకుని తయారు చేయాలి.

కమాండ్లను ఇక్కడ తెలుగు లిపిలో, పలికే తీరులో రాస్తున్నాను. టెర్మినల్‌లో మాత్రం ఇంగ్లిష్ అక్షరాల్లోనే కొట్టాలి. కమాండ్లన్నీ చిన్న అక్షరాలు. ఆర్చ్, క్రాస్_కంపైల్ లాంటి వేరియబుల్ పేర్లు మాత్రం పెద్ద అక్షరాలు.

ముందు చిప్పును చదవండి

మెనూ తెరవకముందే బోర్డు మీద ఏ ప్రాసెసర్ ఉందో దాని నోటితోనే చెప్పించుకోవాలి. పై మీద ఇది కొట్టండి:

క్యాట్ /ప్రాక్/సీపీయూఇన్‌ఫో

సీపీయూ ఇంప్లిమెంటర్ దగ్గర 0ఎక్స్41 ఉంటే డిజైన్ ఆర్మ్ కంపెనీది. సీపీయూ పార్ట్ దగ్గర 0ఎక్స్‌డీ08 ఉంటే కార్టెక్స్-ఏ72, అంటే మన పై 4. 0ఎక్స్‌డీ03 కనిపిస్తే అది ఏ53, పై 3 అన్నమాట. 0ఎక్స్‌డీ0బీ అయితే ఏ76, పై 5.

వీటికంటే ఫీచర్స్ అన్న వరుస ముఖ్యం. పై 4లో ఎఫ్‌పీ, ఏసిమ్‌డ్, ఈవీటీస్ట్రీమ్, సీఆర్‌సీ32, సీపీయూఐడీ మాత్రమే కనిపిస్తాయి. ఏఈఎస్ లేదు, షా2 లేదు, అటామిక్స్ లేదు. ఏ72 డిజైన్‌లో ఎన్‌క్రిప్షన్ ఇన్‌స్ట్రక్షన్లు ఉండాలా వద్దా అన్నది చిప్పు తయారు చేసేవాళ్ల ఇష్టం. 2019లో వచ్చిన పై 4లోని బ్రాడ్‌కామ్ బీసీఎం2711లో అవి పెట్టలేదు. కాబట్టి మెనూలో ఆర్మ్ వీ8 క్రిప్టో ఎక్స్‌టెన్షన్ల పేరుతో కనిపించే వేగవంతమైన ఏఈఎస్ ఆప్షన్లు ఈ బోర్డుకి దండగ. నియాన్ (ఒకేసారి పలు అంకెల మీద లెక్క చేసే ఇన్‌స్ట్రక్షన్లు) వాడే రకాలు మాత్రం ఉంచండి, ఏసిమ్‌డ్ అంటే అదే.

ఇంకోటి కూడా ఇప్పుడే తేల్చుకోవాలి. యూనేమ్ -ఎం కొడితే ఏఆర్చ్64 అని వచ్చిందనుకోండి, అంతటితో మీ ఓఎస్ 64 బిట్‌దని సంబరపడొద్దు. 2023 నుంచి 32 బిట్ పై ఓఎస్ కూడా పై 4 మీద 64 బిట్ కెర్నల్‌తోనే లేస్తోంది. అసలు సంగతి గెట్‌కాన్ఫ్ లాంగ్_బిట్ చెబుతుంది. ఈ లాంగ్_బిట్ కూడా పెద్ద అక్షరాల్లోనే కొట్టాలి. 64 వస్తే నిశ్చింత. 32 వస్తే ఆ అంకె గుర్తుపెట్టుకోండి, మెనూలో దీంతో పని ఉంది.

ల్యాప్‌టాప్‌లో సామాను

పై మీదే కంపైల్ చేయొచ్చు గానీ గంటలు పడుతుంది, ఎస్‌డీ కార్డుకీ అరుగుదల. ఉబుంటు ఉన్న ల్యాప్‌టాప్ అయితే హాయి. ఖాళీ జాగా 20 జీబీ ఉంచుకోండి. కావలసిన ప్యాకేజీలు: గిట్, బీసీ, బైసన్, ఫ్లెక్స్, లిబ్‌ఎస్‌ఎస్‌ఎల్-డెవ్, మేక్, లిబ్‌సీ6-డెవ్, మెనూ తెరవడానికి లిబ్‌ఎన్‌కర్సెస్-డెవ్, అన్నిటికంటే ముఖ్యంగా క్రాస్‌బిల్డ్-ఎసెన్షియల్-ఆర్మ్64. ఇంటెల్ ల్యాప్‌టాప్ మీద కూర్చుని ఆర్మ్ కోడ్ తయారు చేసే కంపైలర్ ఈ చివరి ప్యాకేజీతోనే వస్తుంది.

సోర్స్‌ను రాస్ప్‌బెర్రీ పై వాళ్ల గిట్‌హబ్ ఖాతాలోని లినక్స్ రిపాజిటరీ నుంచి గిట్ క్లోన్‌తో దించుకోవాలి. --డెప్త్=1 పెట్టడం మరవకండి. అది లేకపోతే ఏళ్లనాటి చరిత్రంతా దిగుతుంది. అది పెట్టినా కొన్ని వందల ఎంబీ ఉంటుంది. క్లోన్ మధ్యలో తెగితే మళ్లీ మొదటి నుంచే దిగుతుంది కాబట్టి ఫోన్ హాట్‌స్పాట్ మీద చేసేవాళ్లు సిగ్నల్ బాగుండే తెల్లవారుజామున పెట్టుకోవడం మంచిది. పై మీద యూనేమ్ -ఆర్ కొట్టి ఇప్పుడు నడుస్తున్న వెర్షన్ చూసి, --బ్రాంచ్‌తో అదే వరుస ఎంచుకోండి. 6.6 అయితే ఆర్‌పీఐ-6.6.వై, 6.12 అయితే ఆర్‌పీఐ-6.12.వై. మొదటిసారి చేసేవాళ్లు వెర్షన్, కాన్ఫిగ్ రెండూ ఒకేసారి మార్చకూడదు. బూట్ కాకపోతే తప్పు దేనిదో తెలియదు.

పునాది కాన్ఫిగ్

సోర్స్ ఫోల్డర్‌లోకి వెళ్లి ముందుగా ఈ రెండూ:

ఎక్స్‌పోర్ట్ ఆర్చ్=ఆర్మ్64
ఎక్స్‌పోర్ట్ క్రాస్_కంపైల్=ఏఆర్చ్64-లినక్స్-జీఎన్‌యూ-

రెండో దాని చివర ఉన్న గీత కూడా కొట్టాలి. ఏఆర్చ్‌లో ఏ అక్షరం రెండుసార్లు వస్తుంది. తర్వాత:

మేక్ బీసీఎం2711_డెఫ్‌కాన్ఫిగ్

పై 4 కోసం నడిచే కాన్ఫిగ్ ఇప్పుడు డాట్ కాన్ఫిగ్ అన్న ఫైల్‌లో ఉంది. ఖాళీ మెనూతో మొదలుపెట్టి ఒక్కొక్కటే టిక్ పెట్టుకుంటూ పోదామనే ఉత్సాహం ఉంటే దాన్ని వేరే బోర్డు మీద తీర్చుకోండి. నడిచే దాన్ని తీసుకుని, కారణం చెప్పగలిగిన మార్పు మాత్రమే చేయడం ఇక్కడి పద్ధతి.

పైన చెప్పిన ఎక్స్‌పోర్ట్‌లు ఎందుకంటే, ఆర్చ్ చెప్పకపోతే కెర్నల్ బిల్డ్ సిస్టమ్ మీ ల్యాప్‌టాప్ ఆర్కిటెక్చర్‌నే తీసుకుంటుంది. కొత్త టెర్మినల్ తెరిచి, ఎక్స్‌పోర్ట్ చేయకుండా ఉత్త మేక్ కొట్టారనుకోండి, అప్పటిదాకా జాగ్రత్తగా చేసిన ఆర్మ్ కాన్ఫిగ్‌ను ఎక్స్86 కాన్ఫిగ్‌గా తిరగరాసేస్తుంది.  మెనూ తెరిచిన ప్రతిసారీ పైన పట్టీలో లినక్స్/ఆర్మ్64 అని ఉందో లేదో చూడండి. లినక్స్/ఎక్స్86 అని ఉంటే సేవ్ చేయకుండా బయటికి వచ్చేయండి. పని ముగిసిన ప్రతిసారీ మేక్ సేవ్‌డెఫ్‌కాన్ఫిగ్ కొడితే మీ మార్పులు డెఫ్‌కాన్ఫిగ్ అనే చిన్న ఫైల్‌గా వస్తాయి. దాన్నీ, పూర్తి డాట్ కాన్ఫిగ్‌నూ ఫోల్డర్ బయట దాచుకోండి.

కెర్నల్ చిన్నదిగా కావాలనుకుంటే లోకల్‌మాడ్‌కాన్ఫిగ్ అనే దారి ఉంది. పై మీద ఎల్ఎస్‌మాడ్ ఇచ్చే జాబితాను ఒక ఫైల్‌లో పెట్టి ల్యాప్‌టాప్‌కి తెచ్చుకుని, మేక్ ఎల్ఎస్‌మాడ్=ఆ ఫైల్ దారి లోకల్‌మాడ్‌కాన్ఫిగ్ అంటే అందులో లేని మాడ్యూళ్లన్నీ (కావలసినప్పుడు కెర్నల్ లోడ్ చేసుకునే విడి డ్రైవర్ ముక్కలు) పోతాయి. కంపైల్ సమయం బాగా తగ్గుతుంది. అయితే జాబితా తీసేటప్పుడు తగిలించి లేని ప్రతి వస్తువూ పోతుంది. 4జీ డాంగిల్ వాడుతుంటే జాబితా తీసేటప్పుడు అది గుచ్చి ఉండాలి. లేకపోతే నెట్ లేని కెర్నల్‌ను పలాసకు పంపినవాళ్లవుతారు.

మెనూలో ప్రాసెసర్‌కి సంబంధించినవి

మేక్ మెనూకాన్ఫిగ్ కొట్టండి. వై అంటే కెర్నల్‌లోనే కలిసిపోతుంది, ఎం అంటే విడి మాడ్యూల్, ఎన్ అంటే ఉండదు. స్లాష్ నొక్కితే వెతుకులాట. ఈ మెనూలో మీ బుర్ర వేడెక్కకుండా కాపాడేది ఆ స్లాష్ ఒక్కటే. ఏ ఆప్షన్ దేని మీద ఆధారపడిందో కూడా అందులోనే కనిపిస్తుంది.

ఇంటెల్ కెర్నల్ కాన్ఫిగర్ చేసిన అనుభవం ఉన్నవాళ్లు ప్రాసెసర్ ఫ్యామిలీ అన్న మెనూ కోసం వెతుకుతారు, కార్టెక్స్-ఏ72 అని టిక్ పెడదామని. ఆర్మ్64లో అలాంటిది లేదు. ఒకే కెర్నల్ అన్ని ఆర్మ్64 చిప్పుల మీదా లేచి, బూట్ అవుతూనే కింద ఏ చిప్పు ఉందో చూసుకుని, తన కోడ్‌ను అక్కడికక్కడే సర్దుకుంటుంది. ఉదాహరణకి అటామిక్ ఇన్‌స్ట్రక్షన్లు ఆర్మ్ వీ8.1లో వచ్చాయి. ఏ72కి అవి లేవు కాబట్టి పాత పద్ధతి కోడే నడుస్తుంది. ఆర్మ్ వీ8.1, వీ8.2 ఫీచర్ల పేజీలు చూసి కంగారు పడకండి. వాటిని తీసేస్తే కెర్నల్ కొంచెం చిన్నదవుతుంది, అంతే. కంపైలర్‌కి విడిగా ఏ72 అని ఫ్లాగ్ ఇవ్వొచ్చు గానీ కెర్నల్ కోడ్ మామూలు రిజిస్టర్లతోనే కంపైల్ అవుతుంది కాబట్టి అందులో దక్కేది స్వల్పం.

ప్లాట్‌ఫామ్ సెలెక్షన్‌లో బ్రాడ్‌కామ్ బీసీఎం2835 కుటుంబం ఉండాలి. పేరు మొదటి పై కాలం నాటిదే, పై 4 కూడా దాని కిందికే వస్తుంది. పాత పేరు చూసి తీసేయకండి.

ఇక కెర్నల్ ఫీచర్స్. ఇక్కడ పేజ్ సైజ్ అన్నది అన్నిటికంటే బరువైన నిర్ణయం. 4కేబీ, 16కేబీ, 64కేబీ అని మూడు కనిపిస్తాయి. మెమరీని కెర్నల్ ఎంతెంత ముక్కలుగా పంచుతుందో ఇది చెబుతుంది. పై 5 కెర్నల్ 16కేబీతో వస్తుంది, దానివల్ల కొన్ని పనులు చురుగ్గా సాగుతాయి. అది విని పై 4కీ 16కేబీ పెడదామనిపిస్తుంది. పెట్టకండి. ఏ72 హార్డ్‌వేర్‌కి 16కేబీ ముక్కలు తెలియవు, 4కేబీ, 64కేబీ మాత్రమే తెలుసు. 16కేబీ కెర్నల్ కంపైల్ మాత్రం చక్కగా అవుతుంది, ఎక్కడా ఎర్రర్ రాదు. పై 4 మీద పెట్టాక తెరమీద ఒక్క అక్షరం కూడా రాకుండా ఆగిపోతుంది. మెనూ మీ సోర్స్‌లో ఏముందో చూపిస్తుంది తప్ప మీ చిప్పులో ఏముందో చూపించదు. 64కేబీ అయితే లేస్తుంది గానీ చిన్న ఫైల్‌ను మెమరీలో ఉంచడానికి కూడా 64కేబీ ముక్క కావాలి కాబట్టి 1 జీబీ, 2 జీబీ బోర్డుల్లో మెమరీ వృథా. 4కేబీ పేజీలకే కట్టిన కొన్ని ప్రోగ్రాములు మొరాయిస్తాయి కూడా. 4కేబీ దగ్గరే ఉండండి.

పేజ్ సైజ్ కిందే వర్చువల్ అడ్రస్ స్పేస్. 39 బిట్లు చాలు. అంటే 512 జీబీ చిరునామాలు. పై 4లో ఎక్కువలో ఎక్కువ మెమరీ 8 జీబీ. 48 బిట్లు పెడితే చిరునామా వెతకడానికి పేజ్ టేబుళ్లలో మూడు మెట్లకు బదులు నాలుగు మెట్లు దిగాలి, మనకు దక్కేది ఏమీ లేదు.

మాగ్జిమమ్ నంబర్ ఆఫ్ సీపీయూస్‌ను 4 చేయండి. వందల కోర్ల సర్వర్లను దృష్టిలో పెట్టుకునే పెద్ద అంకె మనకెందుకు. టైమర్ ఫ్రీక్వెన్సీ 100, 250, 300, 1000 ఉంటాయి. వేడి కొలిచే పెట్టెకి ఏదైనా ఒకటే, ముట్టుకోకండి.

కెర్నల్ సపోర్ట్ ఫర్ 32-బిట్ ఈఎల్0 అన్న ఆప్షన్‌కి ఇందాక గుర్తుపెట్టుకోమన్న అంకె కావాలి. గెట్‌కాన్ఫ్ 32 అని చెప్పి ఉంటే ఇది తప్పనిసరిగా వై. తీసేశారంటే కెర్నల్ లేస్తుంది గానీ మొదటి ప్రోగ్రామే నడవదు, పానిక్ అవుతుంది, అంటే కోలుకోలేని తప్పుతో కెర్నల్ ఆగిపోతుంది. 64 వచ్చినవాళ్లు తీసేయొచ్చు. అయినా సెన్సర్ అమ్మినవాళ్లు ఇచ్చిన 32 బిట్ ప్రోగ్రాము ఏదైనా వాడుతున్నారేమో ఒకసారి చూసుకోండి.

అక్కడే ఎర్రాటా అని పొడవాటి జాబితా ఉంటుంది. ఎర్రాటా అంటే చిప్పు డిజైన్‌లోనే ఉండిపోయిన తప్పులకి కెర్నల్ చేసే సర్దుబాట్లు. 1319367, 1742098 అన్న నంబర్లు ఏ72కి సంబంధించినవి. 845719 ఏ53ది. నంబర్లు చూసి మనవి కానివి తీసేద్దామనిపించడం సహజమే. నా అభిప్రాయం ఏమిటంటే ఇక్కడ కత్తెర వేయొద్దు. కెర్నల్ బూట్‌లో చిప్పు గుర్తింపు నంబర్ చూసి తనకు వర్తించేవే అమలు చేస్తుంది, మిగతావాటి భారం దాదాపు లేదు. మనది అనుకోని ఒకటి తీసేస్తే నెలకోసారి కారణం తెలియని హ్యాంగ్ వస్తుంది, దాన్ని పట్టుకోవడం ఎవరి తరమూ కాదు. స్పెక్టర్ (ప్రాసెసర్ డిజైన్‌లోని లోపంతో రహస్యాలు లాగే దాడి) రక్షణలు కూడా ఉంచండి. ఏ53 లాంటి సాదా చిప్పులకి ఆ బెడద లేదు గానీ ఏ72కి ఉంది.

బోర్డుకి సంబంధించినవి

రూట్ ఫైల్ సిస్టమ్ (ఓఎస్ ఫైళ్లన్నీ ఉండే భాగం) దాకా తీసుకెళ్లే దారంతా వై అయి ఉండాలి. పై 4లో ఎస్‌డీ కార్డుకి ఎస్‌డీహెచ్‌సీఐ ఐప్రాక్ డ్రైవర్, దాని మీద ఎక్స్‌ట్4. ఇవి ఎం అయితే, వాటిని తెరవాల్సిన మాడ్యూల్ అదే కార్డు లోపల ఉండిపోతుంది. అప్పుడు వచ్చే మెసేజ్ ప్రపంచమంతా ఒకటే: వీఎఫ్ఎస్, అనేబుల్ టు మౌంట్ రూట్ ఎఫ్ఎస్.

పై 4కి బయట పీసీఐ స్లాట్ కనపడదు. అందుకని పీసీఐ సపోర్ట్‌ను తీసేసేవాళ్లు ఉంటారు. బోర్డు మీది నాలుగు యూఎస్‌బీ పోర్టుల వెనక ఉన్న వీఎల్805 చిప్పు ప్రాసెసర్‌కి కలిసేది పీసీఐ ఎక్స్‌ప్రెస్ ద్వారానే. పీసీఐ పోతే కీబోర్డ్, డాంగిల్, పెన్‌డ్రైవ్ అన్నీ పోతాయి. బ్రాడ్‌కామ్ ఎస్‌టీబీ పీసీఐఈ కంట్రోలర్ ఉంచండి. యూఎస్‌బీ ఎస్ఎస్‌డీ నుంచి బూట్ చేసేవాళ్లు దాన్నీ వై చేయాలి. ల్యాన్‌కి బీసీఎంజెనెట్, వైఫైకి బీఆర్‌సీఎంఎఫ్ఎంఏసీ.

టైమ్ సంగతి. పై 4లో గడియారం చిప్పు లేదు. కరెంటు పోయి వచ్చి నెట్ లేకపోతే పాత తేదీతోనే లెక్కలు రాస్తుంది, ఆ లెక్కలు చూసి పప్పు ఎప్పుడు మాడిందో చెప్పలేం. డీఎస్3231 మాడ్యూల్ చిన్న బ్యాటరీతో దొరుకుతుంది. మెనూలో డీఎస్3231 అని విడిగా వెతక్కండి, డీఎస్1307 డ్రైవరే దాన్నీ చూసుకుంటుంది. అదీ, ఐ2సీ (ఆ మాడ్యూల్ బోర్డుతో మాట్లాడే తీగలు) బీసీఎం2835 కంట్రోలర్ డ్రైవరూ రెండూ వై చేసి, ఆర్‌టీసీ (గడియారం చిప్పుల) మెనూలో బూట్‌లో సిస్టమ్ టైమ్ సెట్ చేయమనే ఆప్షన్ వై చేస్తే కెర్నల్ లేస్తూనే సరైన టైమ్‌తో లేస్తుంది. డ్రైవర్ ఎం అయితే ఆ సమయానికి అది లోడ్ అయి ఉండదు. డీఎస్1307 మీద వై నొక్కినా ఎం దగ్గరే ఆగిపోతోందంటే అది ఆధారపడిన ఐ2సీ ఎం అయి ఉందన్నమాట, ముందు దాన్ని వై చేయండి.

వాచ్‌డాగ్ మెనూలో బ్రాడ్‌కామ్ బీసీఎం2835 వాచ్‌డాగ్ వై. ఇది గరిష్ఠంగా 15 సెకన్లు ఆగుతుంది. ఆలోగా సిస్టమ్ నుంచి పలుకు రాకపోతే బోర్డును రీసెట్ చేస్తుంది. ఓఎస్ వైపు సిస్టమ్‌డీ కాన్ఫిగ్ ఫైల్‌లో రన్‌టైమ్ వాచ్‌డాగ్ సమయాన్ని 10 సెకన్లు పెట్టాలి. డీఎస్18బీ20 సెన్సర్ కోసం 1-వైర్ కింద జీపీఐఓ మాస్టర్, థెర్మ్ రెండూ ఎం చాలు.

చివరగా జనరల్ సెటప్‌లో లోకల్ వెర్షన్ దగ్గర -వీ8 అని ఉంటుంది, దాన్ని -వీ8-జీడి చేయండి. మాడ్యూళ్లు వేరే ఫోల్డర్‌లోకి వెళ్లడానికి, పాతవి చెడకుండా ఉండడానికి ఇది తప్పనిసరి.

కంపైల్

మేక్ -జే8 ఇమేజ్ మాడ్యూల్స్ డీటీబీఎస్

ఇమేజ్‌లో మొదటి అక్షరం పెద్దది. 8 బదులు మీ ల్యాప్‌టాప్ ఎన్ని పనులు ఒకేసారి మోయగలదో ఆ అంకె, ఎన్‌ప్రాక్ కొడితే తెలుస్తుంది. ర్యామ్ తక్కువైతే తగ్గించండి. ల్యాప్‌టాప్‌ను మంచం మీద, దిండు మీద పెట్టకండి, గాలాడాలి. మధ్యలో కరెంటు పోయి ఆగిపోయినా టెన్షన్ పడక్కర్లేదు, ఎక్స్‌పోర్ట్‌లు చేసి మళ్లీ అదే కమాండ్ కొడితే ఆగిన చోటి నుంచి సాగుతుంది. బ్యాటరీ లేని డెస్క్‌టాప్ ఠక్కున ఆరిపోతే సగం రాసిన ఫైళ్లు మిగలొచ్చు. అర్థంకాని ఎర్రర్లు వస్తే మేక్ క్లీన్ చేసి మొదలుపెట్టండి, కాన్ఫిగ్ ఎక్కడికీ పోదు.

పాతదాన్ని చెరపకుండా ఎక్కించడం

కార్డును ల్యాప్‌టాప్‌లో పెడితే బూట్ఎఫ్ఎస్, రూట్ఎఫ్ఎస్ అని రెండు భాగాలు కనిపిస్తాయి. మాడ్యూళ్లకి:

సుడో మేక్ ఆర్చ్=ఆర్మ్64 క్రాస్_కంపైల్=ఏఆర్చ్64-లినక్స్-జీఎన్‌యూ- ఇన్‌స్టాల్_మాడ్_పాత్=రూట్ఎఫ్ఎస్ దారి మాడ్యూల్స్_ఇన్‌స్టాల్

ఎక్స్‌పోర్ట్ చేసినవి సుడోకి అందవు, అందుకే మళ్లీ రాయాలి. ఇన్‌స్టాల్_మాడ్_పాత్ కూడా పెద్ద అక్షరాల్లోనే. అది మరిస్తే ఆర్మ్ మాడ్యూళ్లు మీ ల్యాప్‌టాప్‌లోకే వెళ్లి కూర్చుంటాయి.

బూట్ఎఫ్ఎస్‌లో జీడి అనే కొత్త ఫోల్డర్ చేయండి. ఆర్చ్/ఆర్మ్64/బూట్ లోని ఇమేజ్‌ను కెర్నల్8.ఐఎంజీ పేరుతో అందులోకి కాపీ చేయండి. డీటీఎస్/బ్రాడ్‌కామ్ నుంచి డీటీబీ ఫైళ్లు (బోర్డు మీద ఏ హార్డ్‌వేర్ ఉందో కెర్నల్‌కి చెప్పేవి) కూడా అందులోకే. ఓవర్లేస్ (తగిలించిన అదనపు వస్తువుల వివరాలు) ఫోల్డర్, దానిలోని రీడ్‌మీ ఫైల్‌తో సహా. రీడ్‌మీ అక్కడ ఉంటేనే ఫర్మ్‌వేర్ (కెర్నల్ కంటే ముందు లేచి దాన్ని లోడ్ చేసే ప్రోగ్రాము) మీ కొత్త ఓవర్లేస్‌ను వాడుతుంది, లేకపోతే పాతవే తీసుకుంటుంది. సీఎండీలైన్.టీఎక్స్‌టీని కూడా కాపీ చేసి, దాని చివర ఖాళీ వదిలి పానిక్=10 చేర్చండి. ఆ ఫైలంతా ఒకే వరుసలో ఉండాలి. కెర్నల్ పానిక్ అయితే 10 సెకన్ల తర్వాత తనే రీబూట్ అవుతుంది.

ఇప్పుడు కాన్ఫిగ్.టీఎక్స్‌టీని ట్రైబూట్.టీఎక్స్‌టీ పేరుతో కాపీ చేసి, ఈ కొత్త ఫైల్‌లో ఓఎస్_ప్రిఫిక్స్=జీడి/ అని ఒక వరుస చేర్చండి. ఆటో_ఇనిట్‌రామ్ఎఫ్ఎస్=1 ఉంటే 0 చేయండి. సెన్సర్‌కి డీటీఓవర్లే=డబ్ల్యూ1-జీపీఐఓ, గడియారానికి డీటీఓవర్లే=ఐ2సీ-ఆర్‌టీసీ,డీఎస్3231. అసలు కాన్ఫిగ్.టీఎక్స్‌టీని ముట్టుకోకండి. కార్డు పై లో పెట్టి, పాత కెర్నల్‌తోనే లేపి, ఇది కొట్టండి:

సుడో రీబూట్ '0 ట్రైబూట్'

ఫర్మ్‌వేర్ ఈ ఒక్కసారికి మాత్రం ట్రైబూట్.టీఎక్స్‌టీ చదువుతుంది. కొత్త కెర్నల్ పానిక్ అయినా, వాచ్‌డాగ్ కొట్టినా, కరెంటు పోయినా, తర్వాతి బూట్ పాత కెర్నల్‌తోనే. పూర్తిగా బిగుసుకుపోతే యూనిట్‌లో ఉన్న మనిషికి ఫోన్ చేసి స్విచ్ ఒకసారి కట్టి వేయమంటే సరి.

నెట్ మీద పలాస బోర్డుకి పంపేవాళ్లకి ఒక హెచ్చరిక. ఇప్పటి పై ఓఎస్‌లో /లిబ్ అన్నది అసలు ఫోల్డర్ కాదు, /యూఎస్ఆర్/లిబ్‌కి లింకు. మాడ్యూళ్లను లిబ్ ఫోల్డర్‌తో సహా టార్ కట్టి అక్కడ విప్పితే ఆ లింకు పోయి ఉత్త ఫోల్డర్ మిగులుతుంది. ఆ క్షణం నుంచి ఒక్క కమాండ్ కూడా పనిచేయదు. లిబ్/మాడ్యూల్స్ లోపలికి వెళ్లి మీ వెర్షన్ ఫోల్డర్ ఒక్కదాన్నే టార్ కట్టి, అవతల /లిబ్/మాడ్యూల్స్ లోపలికి వెళ్లి విప్పండి.

లేచిందా?

యూనేమ్ -ఆర్ చివర జీడి కనిపించాలి. డీమెసేజ్ మొదటి వరుసలో బూటింగ్ లినక్స్ ఆన్ ఫిజికల్ సీపీయూ అని, పక్కన 0ఎక్స్410ఎఫ్‌డీ083 ఉంటుంది. 41 ఆర్మ్, డీ08 ఏ72, చివరి 3 రివిజన్. గెట్‌కాన్ఫ్ పేజ్‌సైజ్ 4096 ఇవ్వాలి, ఆ పేజ్‌సైజ్ కూడా పెద్ద అక్షరాలే. సెన్సర్ /సిస్/బస్/డబ్ల్యూ1/డివైసెస్ కింద 28- తో మొదలయ్యే ఫోల్డర్‌గా వస్తుంది. అందులో టెంపరేచర్ ఫైల్‌లో 62500 ఉంటే 62.5 డిగ్రీలు. 125 డిగ్రీలకు మించిన చోట ఈ సెన్సర్ పెట్టకండి.

వీసీజెన్‌కమాండ్ గెట్_థ్రాటిల్డ్ కూడా చూడండి. 0ఎక్స్0 రాకపోతే కెర్నల్‌ను అనుమానించే ముందు అడాప్టర్ మార్చండి. బోర్డుకి అందే వోల్టేజ్ 4.63 కంటే పడిపోతే ఇక్కడ రికార్డవుతుంది. ఫోన్ చార్జర్‌తో నడిపే బోర్డుల్లో వచ్చే విచిత్రాల్లో చాలావాటికి మూలం అదే.

పానిక్ రీబూట్ పనిచేస్తోందో ఇంట్లోనే పరీక్షించాలి. సింక్ కొట్టి, రూట్‌గా ఎకో సీ ని /ప్రాక్/సిస్‌ఆర్‌క్యూ-ట్రిగర్‌లోకి పంపితే కెర్నల్ కావాలనే కూలుతుంది. పది సెకన్ల తర్వాత రీబూట్ అయి పాత కెర్నల్‌తో లేవాలి.

లేవకపోతే లక్షణాన్ని బట్టి వెతకండి. పచ్చ లైటు ఏడుసార్లు మెరిసి ఆగుతుంటే కెర్నల్ ఫైల్ దొరకలేదు. జీడి ఫోల్డర్‌లో కెర్నల్ గానీ డీటీబీ గానీ దొరకకపోతే ఫర్మ్‌వేర్ ఓఎస్_ప్రిఫిక్స్‌ను పక్కనపెట్టి పాత కెర్నల్‌నే లేపుతుంది. రెండిట్లోనూ ఫోల్డర్ పేరు, ఫైల్ పేరు సరిచూసుకోండి. తెరమీద ఏమీ రాకుండా ఆగితే పేజ్ సైజ్ చూడండి. కెర్నల్ లేచి వైఫై, సెన్సర్ రాకపోతే మాడ్యూళ్ల ఫోల్డర్ పేరు, యూనేమ్ -ఆర్ ఒకటేనా చూడండి. ఏమీ తేలకపోతే యూఎస్‌బీ సీరియల్ కేబుల్ కొనండి. జీపీఐఓ 14, 15 పిన్నులు, 3.3 వోల్టుల రకం, వేగం 115200, ట్రైబూట్.టీఎక్స్‌టీలో ఎనేబుల్_యూఆర్ట్=1. కేబుల్‌లోని 5 వోల్టుల తీగ కలపకండి.

కొన్నాళ్లు బాగా నడిచాక కాన్ఫిగ్.టీఎక్స్‌టీకి ఒక కాపీ దాచి, ట్రైబూట్.టీఎక్స్‌టీలోని వరుసలు అందులోకి మార్చండి. ఈ భాగం ఫ్యాట్ ఫార్మాట్‌లో ఉంటుంది కాబట్టి తేడా వస్తే యూనిట్‌లో లెక్కలు రాసే విండోస్ కంప్యూటర్‌లోనైనా కార్డు పెట్టి, నోట్‌ప్యాడ్‌తో ఓఎస్_ప్రిఫిక్స్ వరుస తీసేయించొచ్చు. ఫోన్‌లో చెప్పి చేయించగల పనే.

తర్వాత కొత్త వెర్షన్ దించుకున్నప్పుడు, దాచిన పూర్తి డాట్ కాన్ఫిగ్ ఫైల్‌ను కొత్త ఫోల్డర్‌లో పెట్టి మేక్ లిస్ట్‌న్యూకాన్ఫిగ్ కొడితే కొత్తగా వచ్చిన ఆప్షన్ల జాబితా వస్తుంది. చదివి, మేక్ ఓల్డ్‌డెఫ్‌కాన్ఫిగ్‌తో మిగతావాటిని వాటి డిఫాల్ట్‌కి వదిలేయండి. పై 5కి మారేవాళ్లు మాత్రం ఈ ఫైల్‌ను అక్కడికి మోసుకుపోవద్దు. దానికి బీసీఎం2712_డెఫ్‌కాన్ఫిగ్, కెర్నల్_2712.ఐఎంజీ. చిప్పు వేరు కాబట్టి సీపీయూఇన్‌ఫో చదవడం దగ్గర నుంచి మళ్లీ మొదలుపెట్టాలి.